విఠల్ సార్ ముక్కు

నేను ఒక రుచి గ్లాసుని. హాల్లో బల్లల మీద నురగలు కక్కుతూ తిరిగే పెద్ద గ్లాసుల జాతి కాదు నాది. నాతో ఎవరూ దాహం తీర్చుకోరు. మూడు గుక్కల బీరు పోస్తారు, రంగు చూస్తారు, వాసన చూస్తారు, ఒక గుక్క నోట్లో తిప్పుతారు, మిగిలింది తొట్టిలో ఒంపేస్తారు. అందుకు తగ్గట్టే నాకు పొట్ట వెడల్పు, మూతి ఇరుకు. లోపల చేరిన వాసన తొందరపడి బయటికి పోకూడదట. ఫిరోజాబాదులో ఒక కొలిమి దగ్గర నన్ను ఊదిన మనిషి జన్మలో బీరు ముట్టినవాడు కాదు. నన్ను గడ్డిలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆ పెట్టె మళ్లీ హైదరాబాదులో తెరుచుకుంది.

గచ్చిబౌలి వైపు, అక్కడికక్కడే బీరు కాచి అమ్మే చోటు అది. కింద తాగేవాళ్ల హాలు, దాని వెనక ఉక్కు ట్యాంకులు, పైన అద్దాల గోడల ల్యాబు. ల్యాబులో గోడకున్న బీరువా నా ఇల్లు. పదకొండు మంది తోబుట్టువులతో అందులో బోర్లా నిలబడి, తలుపు అద్దంలోంచి లోకాన్ని చూసేదాన్ని. ఒకే ఒక్కసారి తప్ప ఆ గది గడప దాటలేదు.

నన్ను ఎక్కువగా పట్టుకున్న చెయ్యి విఠల్ సార్‌ది. యాభై రెండేళ్ల మనిషి, జహీరాబాద్ దగ్గర ఊరు. చదువు పదో తరగతితో ఆగింది. పడుచు వయసులో ఒక పెద్ద బీరు ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనికి కుదిరాడు. ఒకరోజు కడిగిన సీసా ఒకటి ఎత్తి, దీంట్లో కిరోసిన్ వాసన వస్తున్నదన్నాడట. సూపర్‌వైజరు నవ్వాడు. తీరా చూస్తే ఆ లోడులో సగం సీసాలు ఎక్కడో కిరోసిన్ పోసుకున్నవే. ఆ మర్నాటి నుంచి అతన్ని సీసాల దగ్గర్నుంచి రుచి చూసేవాళ్ల గదికి మార్చారు. ఇరవై ఆరేళ్లు ఆ ముక్కుతోనే బతికాడు. ఈ చోటు పెట్టినప్పుడు యజమాని వినీల్ స్వయంగా జహీరాబాద్ వెళ్లి అతన్ని అడిగి తెచ్చుకున్నాడు. కింద హాలు గుమ్మం పక్కన నిలువెత్తు ఫొటో పెట్టించాడు. గ్లాసులో ముక్కు పెట్టి కళ్లు మూసుకున్న విఠల్ సార్. అందులో ఉన్న గ్లాసు నేను కాదు, నా తోబుట్టువు. కొంచెం అసూయపడ్డమాట నిజం.

ఆయన పద్ధతి నాకు కంఠతా వచ్చు. నన్ను ఒకసారి గుండ్రంగా తిప్పి రెండు చిన్న ఊపిర్లు, ఆగి ఒక పెద్ద ఊపిరి. ఆ తర్వాతే మాట. గోధుమ బీరైతే లవంగం సరిపోయిందనో అరటిపండు తగ్గిందనో అనేవాడు. చేదు ఎక్కువుండే లేత రంగు ఏల్‌లో మామిడి తొక్క వాసన వెతికేవాడు. నల్లటి స్టౌట్ చేతికిస్తే కాఫీ గింజ వేగిందా మాడిందా చెప్పేవాడు. అన్నిటికన్నా ఆయనకు భయం మామూలు లాగర్ అంటే. దాంట్లో తప్పు దాచుకోవడానికి చోటుండదు అనేవాడు. ఆయన చెప్పింది ల్యాబు కెమిస్టు ప్రసూన పుస్తకంలో రాసేది. రాజమండ్రి అమ్మాయి, ముప్పై దాటింది, మైక్రోబయాలజీ చదివింది. యంత్రాలు ఇచ్చే అంకెలు ఆమెవి, మాటలు ఆయనవి.

ఆషాఢంలో విఠల్ సార్‌కు జ్వరం వచ్చింది. పదిరోజుల తర్వాత కాస్త చిక్కి తిరిగొచ్చాడు. మొదటిరోజు నాలో గోధుమ బీరు పోసుకున్నాడు. లవంగం ఘాటు నా గోడలకు పట్టేంత ఉంది. రెండు చిన్న ఊపిర్లు తీశాడు. ఆగాడు. మళ్లీ రెండు తీశాడు. నన్ను బల్ల మీద పెట్టి, తలుపు వంక చూసి, మళ్లీ ఎత్తి ముక్కు లోపలికంటా పెట్టాడు. ఆయన మీసం నా అంచుకు తగిలింది. అట్లా ఏడుసార్లు. ప్రసూన లోపలికి వచ్చి ఎలా ఉంది సార్ అని అడిగితే, బాగున్నదమ్మా అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన ఒక కొత్త మర్యాద నేర్చుకున్నాడు. ఏ బీరు పోసినా ముందు నువ్వు చెప్పమ్మా అనేవాడు. ప్రసూన చెప్పింది విని, తల పంకించి, చేదు గురించో గ్యాసు గురించో ఒక ముక్క కలిపేవాడు. నాలుక ఇంకా పనిచేస్తోంది కదా. పెద్దమనిషి తనకు విద్య నేర్పుతున్నాడని ప్రసూన మురిసిపోయింది. ఇంటికి ఫోన్ చేసి అమ్మకు కూడా చెప్పింది. వినీల్ అయితే, ఇంత పేరున్నవాడు ఇంత అణకువగా ఉండటం ఎక్కడా చూడలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. మనుషులు భయాన్ని చూసి అణకువ అనుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ప్రసూన లేని గంటల్లో ఆయన తలుపు గడియ వేసేవాడు. జేబులోంచి కాగితం పొట్లాలు తీసేవాడు. లవంగాలు, కాఫీ పొడి, నిమ్మతొక్క, కర్పూరం. ఒక్కొక్కటే నాలో వేసి మూతి మీద అరచెయ్యి పెట్టి, కాసేపాగి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. కర్పూరానికి కళ్లలో నీళ్లు తిరిగేవి కానీ వాసన అందేది కాదు. పొట్లాలు మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని, నన్ను కడిగి బోర్లించి, గడియ తీసేవాడు. ఇద్దరమూ మూసిన తలుపుల వెనకే. నేను బీరువాలో ఉన్నాను, ఆయన గదిలో ఉన్నాడు, అంతే తేడా.

భాద్రపదంలో ప్రసూన చెల్లెలి పురుడుకని నాలుగు రోజులు రాజమండ్రి వెళ్లింది. వెళ్లేముందు లాగర్ ట్యాంకు పులియడం పూర్తయిందని పుస్తకంలో రాసింది. పులిసిన బీరు తనను పులియబెట్టిన ఈస్టు దగ్గర ఇంకా కొంతకాలం కూర్చోవాలి. లేకపోతే దానికి వెన్న వాసన మిగిలిపోతుంది. కూర్చుందా లేదా అని చెప్పాల్సింది ముక్కు. శనివారం ఒక పెద్ద విందుకు ఆ లాగర్ మొత్తం ఒప్పుకున్నారు. గురువారం ఉదయం విఠల్ సార్ ఒక్కడే ల్యాబులో నిలబడి నన్ను నింపుకున్నాడు.

సినిమా హాల్లో వెన్న పాప్‌కార్న్ డబ్బా తెరిచినట్టుంది నా లోపల. ఆయన వాసన చూశాడు. గుక్క తీసుకుని నోట్లో చాలాసేపు ఉంచుకున్నాడు. నాలుక మీద ఏదో జారుడుగా, నెయ్యి పూసినట్టు తగిలి ఉండాలి. భృకుటి ముడిపడింది. ఇంకో గుక్క తీసుకున్నాడు. అప్పుడే వినీల్ తలుపు తోసి, పంపిద్దామా సార్ అని అడిగాడు. ప్రసూన వచ్చేదాకా ఆగుదాం అంటే చాలు. ఇరవై ఆరేళ్లలో ఎవరి కోసమూ ఆగని మనిషి ఆ మాట ఎట్లా అంటాడు? పంపించు అని సంతకం చేశాడు. ప్రతి ట్యాంకు నుంచీ ఒక సీసా నింపి ఫ్రిజ్‌లో దాచే ఆనవాయితీ ప్రకారం ఒకటి నింపి దాచాడు కూడా.

విందు నుంచి బీరు వెనక్కి వచ్చింది. వెన్న కలిపారా అని అడిగారట. సోమవారం వినీల్ ల్యాబుకు వచ్చాడు. అతను కోపిష్ఠి కాదు. నిదానంగా లెక్క కట్టాడు: విఠల్ సార్ చూసి పంపించమన్నారు, ఆ ముక్కు దాటి వెన్న వాసన పోదు, అంటే ట్యాంకులో తప్పు లేదు. బీరు వెళ్లే గొట్టాలు మురికిగా ఉన్నా అదే వాసన వస్తుంది. గొట్టాలు కడిగించే బాధ్యత ప్రసూనది, ఆమె ఊరెళ్లింది. ఒక మనిషి మీద నమ్మకం ఇంకో మనిషి మీద నేరమై కూర్చుంది. శుక్రవారంలోగా వేరే ఉద్యోగం చూసుకొమ్మని మెల్లగానే చెప్పాడు.

వినీల్ వెళ్లాక ప్రసూన విఠల్ సార్ వైపు తిరిగింది. మీరు చూసినప్పుడు వెన్న వాసన లేదా సార్ అని అడిగింది. లేదమ్మా అన్నాడు ఆయన. ఆయనకు నిజంగానే లేదు. అంత నిజమైన అబద్ధం నేను వినలేదు.

మూడు రోజులు ఆయన ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె వంక చూడకుండానే వెళ్లాడు. గురువారం మధ్యాహ్నం ప్రసూనకు ఫ్రిజ్‌లోని సీసా గుర్తొచ్చింది. అది గొట్టాల్లోకి పోకముందు తీసిన బీరు. దాంట్లో వెన్న ఉంటే తప్పు గొట్టాలది కాదు. తను మూత తీసి చూసుకుంది, వెన్న వాసన ఉంది, ముఖం విప్పారింది. కానీ తన మాట వినీల్ వినడు, విఠల్ సార్ చెప్పాలి. తను ముందే చెప్పి ఒప్పించిందన్న మాట రాకూడదని మూడు గ్లాసులు తీసింది. రెంటిలో అంతకుముందు ట్యాంకు మంచి లాగర్, ఒకదాంట్లో ఆ సీసాది. ఆ ఒకటీ నేను.

"దేంట్లో తేడా ఉందో చెప్పండి సార్, చాలు. నేనేమీ చెప్పను."

ఆమెకు ఆయన ముక్కు మీద అనుమానం లేదు, ఆ రోజు తొందరలో తప్పి ఉంటుందనుకుంది. అందుకే ఆ పరీక్ష అంత భయంకరంగా ఉంది. మూడింటి రంగూ ఒకటే, నురగా ఒకటే. విఠల్ సార్ మొదటిది ఎత్తి దించాడు. రెండోది ఎత్తి దించాడు. నన్ను ఎత్తి చాలాసేపు పట్టుకున్నాడు. మూడింటిలో ఒకటి చూపిస్తే చాలు, తగిలితే తగులుతుంది. ఆయన వేలు కదిలింది కూడా. మళ్లీ ముడుచుకుంది. నన్ను బల్ల మీద పెట్టాడు.

"నాకు వాసన తెలుస్తలేదమ్మా."

"ఏ గ్లాసులో సార్?"

"దేంట్లనూ. జ్వరమొచ్చినప్పటి సంది."

ప్రసూన కుర్చీలో కూర్చుంది. రెండు నెలలు తను చెప్పినవన్నీ, ఆయన తల ఊపినవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నట్టుంది. చివరికి, నేర్పుతున్నారనుకున్నానండి అంది. ఆమె కేకలేసి ఉంటే ఆయనకు తేలికయ్యేది. ఆయన లేచి తలుపు దాకా వెళ్లి, పిడి మీద చెయ్యి వేసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. ఈసారి వినీల్ గది దాకా వెళ్లాడు. రెండు అద్దాల గోడల అవతల, మెడలోంచి గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టడం చూశాను. వినీల్ దాన్ని తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టడమూ చూశాను.

లోపల ఏం తేలిందో తర్వాత ప్రసూనకు విఠల్ సారే చెప్పాడు. ప్రసూన ఉద్యోగం ఉంటుంది. ఇక రుచి చూసేది ఆమే. కానీ సంతకం విఠల్ సార్‌దే, పేరూ ఆయనదే, ఫొటో అక్కడే ఉంటుంది. సంగతి ఈ ముగ్గురి మధ్యే ఉండాలి. వినీల్ దాన్ని దయ అనుకున్నాడు, కొంత దయే కూడా. విఠల్ సార్ ఒప్పుకున్నాడు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఆమె చెప్పిన మాటల కింద సంతకం చేసి, కిటికీ దగ్గర కూర్చునేవాడు. పూర్వం భయం ఆయనొక్కడిదే. ఇప్పుడు ముగ్గురూ కలిసి దానికి కాపలా కాస్తున్నారు. ఐదు వారాలు గడిచాయి. జేబులో పొట్లాలు తేవడం కూడా మానేశాడు.

కార్తీకంలో ఒక ఆదివారం, విఠల్ సార్‌తో బీర్ల పరిచయం అని కింద హాల్లో కార్యక్రమం పెట్టారు. పాతిక మంది వచ్చారు. నేను గడప దాటింది ఆ రోజే. గోధుమ బీరు, ఏల్, స్టౌట్, లాగర్ వరసగా పోశారు. ఏం చెప్పాలో ప్రసూన రాసిచ్చిన కాగితం ఆయన చేతిలో ఉంది. ముందు వరసలో ఒకావిడ, ఈ గోధుమ బీరులో నాకేమీ తెలియడం లేదండి, నా ముక్కులో లోపమా అని బిడియంగా అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. విఠల్ సార్ కాగితం మడిచాడు.

"సిగ్గుపడకమ్మా. నాకూ తెలుస్తలేదు. నాలుగు నెలలైంది. ఈ కాగితంల ఉన్నది నాది కాదు, ఆ ప్రసూనమ్మది. వాసన ఆమె చెప్తది. చేదు, బరువు, గ్యాసు, అవి నేను చెప్త. నాలుక ఇంక ఉన్నది."

వినీల్ వెనక గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ప్రసూన ముందుకు రావడానికి కొంచెం సమయం పట్టింది. వచ్చింది. గంటన్నర ఇద్దరూ కలిసి చెప్పారు. నలుగురైదుగురు మధ్యలో లేచి వెళ్లిపోయారు. ప్రశ్న అడిగిన ఆవిడ చివరిదాకా కూర్చుంది. ఆ హడావిడిలో తొట్టి అంచు తగిలి నా మూతి కాస్త చిట్లింది.

వారంలో ఫొటో దించేశారు. ఆయనను ఎవరూ పొమ్మనలేదు. తనే కార్డు ఇచ్చి వెళ్లిపోయాడు. జహీరాబాద్‌లో బార్లీ గోదాములో చేరాడని విన్నాను. గింజను పంటి కింద నలిపి తేమ చెప్పే పని. మూతి చిట్లిన గ్లాసు రుచికి పనికిరాదు కనుక నన్ను కిటికీలో పెట్టి పెన్నులు వేశారు. ఇక్కడి నుంచి ప్రసూన బల్ల బాగా కనిపిస్తుంది.

ఇప్పుడు అందరూ ప్రసూన చెబితే తిరుగు లేదంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె చెయ్యి తెలియకుండానే ముక్కు మీదికి పోతుంది. పొద్దున్నే తలుపు తీయగానే చేతులు కడిగే సబ్బును ఒకసారి వాసన చూసుకుంటుంది. ఒక్కరే చూసి పంపకూడదు, రెండో సంతకం ఉండాలని వినీల్‌తో పోట్లాడి రూలు పెట్టించింది. అయినా ఆ చెయ్యి పోవడం మానలేదు.

మొన్న సంక్రాంతి దాటాక చలి బాగా ఉన్న ఒక ఉదయం, ఆమె రెండుసార్లు తుమ్మి, సబ్బును ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు అట్లాగే నిలబడింది. వినీల్ వచ్చి స్టౌట్ ఎట్లా ఉందని అడిగాడు. ఆమె ఒక్క క్షణం గ్లాసు వంక చూసింది. తర్వాత నాలోంచి ఒక పెన్ను తీసుకుని, పుస్తకం తెరిచి, అతను చూస్తుండగానే రాసింది: ఈ రోజు నాకు జలుబు చేసింది. స్టౌట్ రుచి చూడలేదు.