మెత్తటి పక్క

మా ఇంటికొచ్చిన నర్సమ్మను తరిమేసినంత పని చేసిన దాన్ని నేను. ఇవాళ ఆవిడ మాటెత్తితే నా చేతులు వాటంతటవే దండం పెడతాయి. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది, ఏం చేయను.

నేను దిండ్లు కుడతాను. దుకాణంవాడు దూది బస్తాలు పడేసి పోతాడు. నేను ఏకి, గుడ్డ సంచుల్లో కూరి, మూతి కుట్టి ఇస్తాను. ఉన్నది ఒకటే గది. వంటా, దూదీ, నేనూ, మా ఆయనా, ఏడేళ్ల పిల్లా, అందరం అందులోనే.

పిల్లకు ఆయాసం. ఆ ఏడాది మూడుసార్లు ఆస్పత్రిలో చేర్చాం. మూడోసారి డాక్టరు, "ఇలా పదేపదే వస్తే కష్టమమ్మా" అన్నాడు. ఎంత కష్టమో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆస్పత్రిలో బాగానే ఉండేది, ఇంటికొచ్చిన వారానికే మళ్లీ మొదలు. అందుకే ఇల్లు చూసి రమ్మని నర్సమ్మను పంపారు.

"పాప ఎక్కడ పడుకుంటుందండీ?" అంది.

గర్వంగానే చూపించాను. గోడవార దూది బస్తాలు పరిచి, పైన దుప్పటేసి పక్క అమర్చాను. మేమిద్దరం గచ్చు మీద, పిల్ల మాత్రం మహారాణిలా. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా ఇంకో బస్తా చేర్చేదాన్ని. కన్నతల్లిని, అంతకన్నా ఏం చేయగలను?

నర్సమ్మ దుప్పటి ఎత్తి బస్తా మీద ఒక్క చరుపు చరిచింది. దుమ్ము గుప్పుమని లేచింది. తర్వాత గోడకు అరచెయ్యి ఆనించి నాకు చూపించింది. తడి, నల్లటి బూజు.

"పాపకి పడనివన్నీ పాప పక్కలోనే ఉన్నాయమ్మా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే పని మానేసి పస్తులుండమంటారా? మేడ కట్టుకోమంటారా? చెప్పడం తేలికే."

"పని మానమనట్లేదు. దూది ఒకచోట, పాప ఒకచోట ఉండాలంటున్నా. మీ తప్పని కూడా అనట్లేదు. ఇలాంటి గదిలో ఉంటే నేనైనా ఇంతే చేస్తా. గోడ సంగతి ఇంటావిడకి చెప్పారా?"

చెబితే ఖాళీ చేయమంటుంది. మా ఇంటావిడ ఎంగిలి చేత్తో కాకిని తోలే మనిషి కాదు. మేమిచ్చే అద్దెకు ఇంకో గది ఎక్కడ దొరుకుతుంది? నర్సమ్మ నా మాట వినిపించుకోకుండా తిన్నగా మేడ మెట్లెక్కింది. మా కొంప మునిగిందనుకుని నేను గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను.

ఇంటావిడ దిగొచ్చి గోడ తడిమింది.

"ఇది నా స్నానాలగది గొట్టం కారుతోందే. ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్ల నుంచి, పిన్నిగారూ."

"చెప్పి చావొచ్చుగా?"

"ఖాళీ చేయమంటారని..."

"నేనేమన్నా రాకాసినా?"

"అలాగే అనుకున్నానండీ," అనేశాను. నా నోరు నా మాట వింటే కదా.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. "మేడ మీద చిన్నగది ఊరికే పడుంది. దూది అక్కడ పెట్టుకుని కుట్టుకో. అద్దె పెంచనులే, అలా గుడ్లప్పగించి చూడకు."

వారంలో గొట్టం బాగుచేయించింది. మా ఆయన గోడ గీకి సున్నం కొట్టాడు. పని అయ్యాక చీర మార్చుకునే కిందికి దిగాలని నర్సమ్మ మరీమరీ చెప్పింది. ఆ తర్వాత కూడా నాలుగుసార్లు వచ్చి చూసి వెళ్లింది.

మొన్న మధ్యాహ్నం పని ముగించుకుని కిందికి వచ్చాను. పిల్ల వట్టి చాప మీద నిద్రపోతోంది. గదిలో చిన్న చప్పుడైనా లేదు. పిల్లికూతలు లేని ఊపిరి దానికీ ఉంటుందని నాకేం తెలుసు? ఒక్క అంగలో వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది. ఆ ఇద్దరు తల్లులూ నూరేళ్లు చల్లగా ఉండాలి అనుకుంటూ అక్కడే కూలబడి ఏడ్చాను.

"అమ్మా, వేలు తియ్యవే, చక్కిలిగిలిగా ఉంది," అని అది అటు తిరిగి పడుకుంది.