ఇంటర్వ్యూ రైతు

బుల్లయ్య ఆఫీసు బాత్రూములో ఒంటికాలి మీద నిలబడి ప్యాంటు విప్పుతున్నాడు. గోడకి చెయ్యి ఆనించకూడదు. పొద్దున్నే కడిగిన గోడ, మరక పడితే మళ్ళీ తనే కడగాలి. నీలం యూనిఫాం మడిచి కిటికీలో పెట్టి, సంచిలోంచి పంచె తీసి కట్టుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. అద్దంలో చూసుకుంటూ, నున్నగా దువ్వుకున్న జుట్టుని వేళ్ళతో చెరుపుకున్నాడు. దువ్విన తల రైతుకి నప్పదని మేనేజరు మొదటిసారే చెప్పాడు.

కూటికోసం కోటివిద్యలన్నారు. బుల్లయ్యకి ఉన్నవి రెండే. మామూలు రోజుల్లో అతను గుంటూరు లక్ష్మీపురంలో ఆ పెట్టుబడుల కంపెనీ ఆఫీసు ఊడ్చి, తుడిచి, టీలందించే మనిషి. కొత్తవాళ్ళని ఉద్యోగంలోకి తీసుకునే రోజున మాత్రం రైతు. యార్డులో మిర్చి అమ్ముకుని, ఆ డబ్బు ఏం చెయ్యాలో తెలియక కూర్చున్న రైతు. ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలు అతని ఎదురుగా కూర్చుని, డబ్బు తమ కంపెనీ ఫండ్లలో పెట్టమని ఒప్పించాలి. ఒప్పుకోకుండా సతాయించడం బుల్లయ్య వంతు. అది అయ్యాక మేనేజరు చిటిక వేసి, "ఏడాది గడిచింది. ఈ పెద్దాయన డబ్బు సగం పోయింది. ఆ మాట ఆయనకి చెప్పు" అంటాడు. చెప్పాలి. తడబడకుండా, కళ్ళు దించకుండా, తప్పు మాది అనకుండా చెప్పాలి. ఎక్కువమంది అక్కడే బోర్లాపడతారు.

ఇందులో తమాషా ఏమిటంటే బుల్లయ్య ఒకప్పుడు నిజంగా రైతే. ప్రత్తిపాడు దగ్గర కౌలుకి మిరప వేసేవాడు. మందు పంపు మోసి మోసి ఎడమ భుజం కుడిదానికన్నా ఇప్పటికీ కిందికే ఉంటుంది. బొటనవేలి గోరు రెండుగా చీలి అలాగే గట్టిపడిపోయింది. నల్లతామర పురుగు వచ్చిన ఏడు పువ్వు పువ్వంతా మాడిపోతే, చేను దున్నించేసి గుంటూరు చేరాడు. చేలో ఓడిపోయిన రైతు ఆఫీసులో మాత్రం బ్రహ్మాండంగా పండాడు. ఎవరికి ఏది కలిసొస్తుందో ఎవరు చెప్పగలరు.

అతన్ని తెచ్చిపెట్టింది కాంట్రాక్టు ఏజెన్సీ. కంపెనీ మనిషి కాదు. కంపెనీ మనుషులకి ఇన్సూరెన్సు కార్డు ఉంటుంది, ఇంట్లోవాళ్ళకి కూడా పనికొస్తుంది. అతని భార్య వెంకటేశ్వరమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయి పోయి దగ్గు తెచ్చుకుంది. మామూలు దగ్గు కాదు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగనివ్వదు. ఊపిరితిత్తులు చూపించాలని డాక్టరు చెప్పి ఏడాదవుతోంది. కార్డు ఉంటే చూపించవచ్చు. అందుకే బుల్లయ్య సిగ్గు విడిచి మొన్న మేనేజరు కార్తిక్‌ని అడిగాడు, తనని పర్మనెంటు చెయ్యమని. ముప్పై నాలుగేళ్ళ కార్తిక్ ఫోన్ లోంచి తలెత్తి, "ఈ ఇంటర్వ్యూలు అవనీ బుల్లయ్యా, నీ సంగతి చూద్దాం" అన్నాడు. ఆ మాట బుల్లయ్య ఇంటికి పట్టుకెళ్ళి వెంకటేశ్వరమ్మకి పాయసంలా వడ్డించాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే నవ్వింది.

కాబట్టి ఈ రోజు గట్టిగా చెయ్యాలి. సార్ కళ్ళల్లో పడాలి.

మొదట వచ్చిన కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు. బుల్లయ్య అతన్ని చూడగానే మొహం ముడుచుకుని, "మా ఊళ్ళో నీలాగే టై కట్టుకొచ్చినోడు పదిళ్ళు ముంచి పోయాడయ్యా" అన్నాడు. ఆ మాటతో కుర్రాడు నేర్చుకొచ్చిన ఇంగ్లీషంతా మర్చిపోయాడు. రెండో అమ్మాయి బాగానే మొదలుపెట్టింది గానీ, డబ్బు పోయిందని చెప్పే దగ్గర బుల్లయ్య తువ్వాలు కళ్ళకి అద్దుకుని, "మా ఆవిడ ఆపరేషనుకి దాచిన డబ్బులమ్మా" అనేసరికి తనే ఏడ్చేసింది. ఆ మాట బుల్లయ్య బ్రహ్మాస్త్రం. దానికోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇంట్లోనే ఉంది. ఏడుస్తున్న పిల్లని కార్తిక్ బయటికి పంపించి బుల్లయ్యకేసి బొటనవేలు ఎత్తి చూపించాడు. బుల్లయ్యకి గర్వం ముంచుకొచ్చింది. చదువుకున్న పిల్లలు తన ముందు కూర్చుని చెమటలు కక్కుతుంటే అతనికి సరదాగానే ఉండేది. సేద్యం చేసినన్నేళ్ళూ తను ఎవరెవరి ముందో అలా నిలబడ్డాడు మరి.

ఆ తరవాత వచ్చినవాడు బాలు. ప్రత్తిపాడు పక్క పల్లె. ఎంబీఏ చదివాడు. ఇస్త్రీ చొక్కా, కాలరు లోపల చెమటకి నల్లబడ్డ గీత. కుర్చీలో కూర్చుని ఫండు గురించి చెప్పబోయి, బుల్లయ్య చేతులకేసి చూసి ఆగిపోయాడు.

"ఏ ఊరు బాబాయ్? మిరపేశారా?"

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. బుల్లయ్య ఒక్క క్షణం వేషం మర్చిపోయాడు.

"కౌలుకేశానయ్యా. నల్లతామర కొట్టేసింది."

"మాదీ అదే. మా నాన్న ఆ ఏడు చేలోకే పోలా." బాలు గొంతు తగ్గించాడు. "ఉన్నదేదో ఇందులో పెట్టబాక బాబాయ్. ముందు బ్యాంకులో ఎయ్యి. చేతిలో ఉండాల."

కార్తిక్ పగలబడి నవ్వాడు. "బాబూ, నువ్వు ఏ కంపెనీకి ఇంటర్వ్యూకి వచ్చావు?" అన్నాడు. బాలు కూడా నవ్వాడు, తను చెప్పింది బాగుందేమో అనుకుని.

బుల్లయ్యకి గుండెలో వెచ్చగా ఏదో కదిలిన మాట నిజం. చాలాకాలమైంది తన చేతులు చూసి ఎవరన్నా ఊరు అడిగి. కానీ వెంటనే కోపం వచ్చింది. ఇలాంటివాడికి ఇక్కడేం పని? ఇంకాసేపు కూర్చుంటే సార్ ముందు తన నోటివెంట ఏమేం రప్పిస్తాడో. మెత్తటివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. కుర్రాడు బయటికి పోగానే బుల్లయ్య అడక్కుండానే చెప్పాడు.

"మెతక సార్. పనికిరాడు."

కార్తిక్ తల ఊపి అతని కాగితం పక్కన పడేశాడు. కాసేపటికి బుల్లయ్య నీళ్ళ క్యాను మార్చడానికి బయటికి వస్తే బాలు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "బాబాయ్, ఎట్టా చేశానంటావ్?" అని అడిగాడు. "ఫోన్ చేస్తార్లే" అన్నాడు బుల్లయ్య, క్యాను భుజాన పెట్టుకుంటూ. కుర్రాడు అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు.

చివర వచ్చిన అమ్మాయి శ్రీరమ్య. చీరాల నుంచి పొద్దుటి రైలుకి వచ్చిందట. సన్నటి మనిషి, జుట్టు గట్టిగా వెనక్కి లాగి కట్టింది. వాళ్ళ నాన్న మరమగ్గాలు అమ్మేశాడని, ఇంట్లో సంపాదించాల్సింది ఇక తనేనని, కార్తిక్ అడిగితే చెప్పింది, జాలి కోసం కాదు, జవాబుగా. ఫండ్లు అమ్మే ముక్క మామూలుగానే చెప్పింది. డబ్బు పోయిన ముక్క దగ్గర మాత్రం బుల్లయ్య వెన్ను నిటారుగా అయింది.

"మా ఆవిడ ఆపరేషనుకి దాచిన డబ్బులమ్మా" అన్నాడతను, తువ్వాలు తీస్తూ.

"మీ పరిస్థితి నాకు అర్థమైందండి" అంది ఆ పిల్ల. "కానీ ఇది మార్కెట్టు వల్ల జరిగింది, మా వల్ల కాదు. సంతకం పెట్టేముందు అన్నీ మీకు చదివి వినిపించాం. ఇప్పుడు మిగిలినదాని గురించి మాట్లాడుకుందాం."

గొంతు పెరగలేదు, తగ్గలేదు. కళ్ళు బుల్లయ్య కళ్ళమీదనుంచి కదల్లేదు. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. అతనికి మెచ్చుకోలు పుట్టింది. ఇదీ పని చెయ్యడమంటే.

మధ్యాహ్నం టీ పట్టుకెళ్ళినప్పుడు కార్తిక్ అడిగాడు. "నీకెవరు నచ్చారు బుల్లయ్యా?"

"చీరాల అమ్మాయి సార్. గట్టి మనిషి. ఎంత చెడ్డమాటైనా చెప్పుద్ది."

"నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు కార్తిక్. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఏదో ఆలోచించుకుని, "పంచె మార్చకు. ఆ అమ్మాయికి ఇంకో రౌండుంది" అన్నాడు.

తన మాట మీద సార్ మనిషిని తీసుకుంటున్నాడు. బుల్లయ్య కాళ్ళు నేలమీద ఆనలేదు. ఈపాటికి తన సంగతి కూడా తేలిపోయినట్టే. వెంకటేశ్వరమ్మకి ఫోన్ చేద్దామనుకుని, ఇంటికి వెళ్ళాక ఎదురుగా చెబితేనే బాగుంటుందని ఆగాడు.

పిలుపు వచ్చేసరికి మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. శ్రీరమ్య అదే కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దున్నించీ ఏమన్నా తిన్నదో లేదో అనుకుని బుల్లయ్య గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. కార్తిక్ కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

"బుల్లయ్యగారూ" అంది అమ్మాయి. ఆటలో అతనికి పేరుండదు. కొత్తగా ఏదో పెట్టారనుకున్నాడు. "వచ్చే నెల నుంచి ఇంటర్వ్యూలన్నీ ఆన్‌లైన్లోనే జరుగుతాయండి. టీకి మిషను పెడుతున్నారు. ఊడ్చే పని బిల్డింగువాళ్ళే చూసుకుంటారు. ఈ రోజుతో మీ పని అయిపోయింది."

సార్ ఎంత తెలివైనవాడు అనుకున్నాడు బుల్లయ్య. పాత ప్రశ్న అయితే పిల్లకి తెలిసిపోయింది, అందుకని మార్చాడు. అయితే తనూ తగ్గకూడదు. తువ్వాలు తీసి తొడమీద కొట్టాడు.

"ఇదెక్కడి న్యాయమమ్మా? ఒంట్లో బాగున్నా బాగోకపోయినా ఏనాడన్నా మానానా? మా ఆవిడ దగ్గి దగ్గి చస్తంది. కార్డొస్తదని ఆశపడతంది. దానికేం చెప్పమంటావు ఇంటికి పోయి?"

గొంతు బాగా వణికింది. ఎప్పటికన్నా బాగా వణికింది. అది చూసుకుని అతనికే ముచ్చటేసింది.

"మీ పరిస్థితి నాకు అర్థమైందండి" అంది శ్రీరమ్య, పొద్దుటి గొంతుతోనే. "కానీ ఇది కంపెనీ నిర్ణయం, నాది కాదు."

బుల్లయ్య కళ్ళు తుడుచుకుని, నవ్వు మొహంతో కిటికీవైపు తిరిగాడు. "పాస్ సార్ అమ్మాయి. నాకే నోరు పెగల్లా."

కార్తిక్ తలెత్తలేదు.

"తాళాలు ఇక్కడ పెట్టి వెళ్ళండి" అంది అమ్మాయి.

ఇన్నాళ్ళ ఆటలో ఎవరూ తాళాలు అడగలేదు. బుల్లయ్య ఆమెకేసి చూశాడు. ఆమె కళ్ళు కదల్లేదు గానీ, మెడ దగ్గర నరం గబగబా కొట్టుకుంటోంది. అది చూశాకే అతనికి అర్థమైంది. అర్థమయ్యాక కూడా మొహం మీది నవ్వు తీసుకోవడం చాతకాక అలాగే ఉంచుకున్నాడు.

"పెట్టేయ్ బుల్లయ్యా" అన్నాడు కార్తిక్. "ఏజెన్సీవాళ్ళకి చెప్పాను, ఈ నెల జీతం ఇచ్చేస్తారు." తరవాత, ఆమెకేసి చూస్తూ బుల్లయ్యతోనే, "నువ్వన్నట్టే. గట్టి మనిషే" అన్నాడు.

బుల్లయ్య బొడ్లోంచి తాళాల గుత్తి తీశాడు. ముడి ఒక పట్టాన రాలేదు. తీసి బల్లమీద, చప్పుడు కాకుండా పెట్టాడు. లేచి కుర్చీ లోపలికి జరిపాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"సాయంత్రం టీ పెట్టేసి పోనా సార్?"

"వద్దులే."

యూనిఫాం కంపెనీది కాబట్టి దాని జోలికి పోలేదు. సంచి తీసుకుని పంచెతోనే మెట్లు దిగాడు. చివరి మెట్టు మీద బాలు ఇంకా ఉన్నాడు, ఫోన్ చేతిలో పట్టుకుని. బుల్లయ్యని చూసి గబుక్కున లేచాడు.

"బాబాయ్, నా సంగతేమన్నారు?"

ఎండలో కూర్చుని కూర్చుని కుర్రాడి మొహం కమిలిపోయింది. ఊరికి పోతే వాళ్ళమ్మ ఏమడుగుతుందో బుల్లయ్యకి తెలుసు. ఏదో ఒక మంచిమాట చెప్పి పోవచ్చు, దానికి ఖర్చేమీ లేదు. అతనికి చెప్పబుద్ధి కాలేదు.

"రాలేదు" అన్నాడు. "నేనే వద్దన్నా."

బుల్లయ్య అతన్ని దాటుకుని రోడ్డెక్కి, ఆటోల మధ్యలోంచి బస్టాండువైపు నడిచాడు. వంగిన ఎడమ భుజం మీంచి తువ్వాలు జారిపోతుంటే రెండుసార్లు ఎగదోసుకున్నాడు. మూడోసారి జారితే చేత్తో పట్టుకుని పోయాడు.

పైన కాగితాల మీద సంతకాలయ్యాయి. శ్రీరమ్య రైలు టైమైందని లేచింది. తాళాల గుత్తి కార్తిక్ జేబులో వేసుకుని లైట్లార్పాడు. ఆ గదిలో గ్లాసులు తీసే పని తనదని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. మర్నాడు తలుపు తీసేసరికి బల్లమీద మంచినీళ్ళ గ్లాసు పెట్టినచోటే ఉంది, ఒక్క గుక్క కూడా తాగకుండా, పైన సన్నగా దుమ్ము తేలుతూ.