తొక్క పసరు

భర్త వర్లిన్ చూపు తగ్గుతున్న సంగతి డోర్తాకి తెలుసు. బండి నడపవద్దని డాక్టరు చెప్పిన సంగతీ తెలుసు. కూతురు ఫెర్న్‌కి మాత్రం చెప్పలేదు. చెబితే మనవరాలిని వీళ్ళ దగ్గర వదలదు. చెప్పకపోతే ఏ రోజు ఏం మూడుతుందోనని దిగులు. అడకత్తెరలో పోకచెక్కయింది ఆమె బతుకు.

అమెరికాలోని ఒజార్క్ కొండల్లో అక్టోబరు అంటే నల్ల అక్రోట్ కాయలు రాలే కాలం. పచ్చటి పైతొక్కను చేత్తో ఒలిస్తే ఆ నలుపు వారాల తరబడి వదలదు. అందుకే కాయల్ని వాకిట్లో చక్రాల గాడిలో పరిచి, పైనుంచి ట్రక్కుని ముందుకీ వెనక్కీ తోలతారు. తొక్క నలిగి ఊడుతుంది, రాయిలాంటి పెంకు మాత్రం చెక్కుచెదరదు.

వాకిట్లోని అక్రోట్ చెట్టు వర్లిన్ చేతి చలవే. ఫెర్న్ పుట్టిన ఏడు ఒక కాయని మడమతో మట్టిలోకి తొక్కి మొలిపించాడు. దాని కింద టమాటా మొక్క బతకదని డోర్తా సాధిస్తూనే ఉంటుంది గానీ, కేకులో ఆ పప్పు పడితే కిక్కురుమనదు.

"ఏమయ్యా, ఇవాళ వద్దులే. పక్కింటి లాయిడ్‌ని పిలుద్దాం," అంది డోర్తా.

"లాయిడా? వాడికి హికరీ కాయకీ అక్రోటుకీ తేడా తెలీదు. ఆకు నలిపి వాసన చూసి చెప్పమను! నేనైతే కళ్ళు మూసుకుని చెప్తా."

"చెప్తావులే. మూసుకున్నా తెరుచుకున్నా నీకొకటేగా."

"ఆ నోటికి కాస్త తాళం వెయ్యవే," అని నవ్వి వర్లిన్ ట్రక్కెక్కాడు.

మూడేళ్ళ మనవరాలు లెట్టీని వసారాలో పక్కన కూర్చోబెట్టుకుని, డోర్తా నిరుటి కాయలు సుత్తితో కొట్టి మేకుతో పప్పు తీస్తోంది. బండి కదిలిన ప్రతిసారీ తలెత్తి అటు చూస్తోంది. పిల్ల నోట్లో ఒక పలుకు పెట్టింది.

"చేదు!" అని ఉమ్మేసింది లెట్టీ.

పప్పులో పెంకు ముక్కలేమైనా పడ్డాయేమోనని డోర్తా గిన్నెలోకి వంగి వెతికింది. తలెత్తేసరికి పక్కన పిల్ల లేదు.

లెట్టీ వాకిట్లో ఉంది. ట్రక్కు వెనక, ఎడమ గాడిలో గొంతుక్కూర్చుని కాయలు ఏరుతోంది. బండి దాటగానే తొక్క ఊడినవి ఏరుకోవాలని నిన్న తాతే నేర్పాడు. ఇప్పుడు ట్రక్కు వెనక్కి వస్తోంది.

"ఆపవయ్యా! ఆపూ!"

ఇంజను రొదలో, తొక్కలు చిట్లే చప్పుడులో ఆ కేక కలిసిపోయింది. పరిగెత్తినా అందదు. డోర్తాకి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలోని సుత్తిని ట్రక్కు మీదికి విసిరింది. అద్దం భళ్ళున పగిలింది. బండి ఆగింది. చక్రానికీ పిల్లకీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

"పిచ్చెక్కిందా నీకు?" అంటూ దిగాడు వర్లిన్.

లెట్టీ బెదిరి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు ఎక్కడినుంచి వస్తోందో తెలిశాక ఆయన అటు తిరిగాడు. కంకరలో మోకాళ్ళ మీద పడి, తడుముకుంటూ పోయి పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాడు. దాని చేతులు తగలగానే బిగుసుకుపోయాడు.

"డోర్తా, తడి. చేతుల నిండా తడి. రక్తమా? చెప్పవే, రక్తమా?"

పిల్ల చేతులు ఆయన ముఖానికి బెత్తెడు దూరంలో ఉన్నాయి. వేళ్ళనిండా తొక్క పసరు. దాని వాసన కూడా ఆయనకి తెలియలేదు, అంత భయం పట్టుకుంది మనిషిని. చూపు ఇంతగా పోయిందని డోర్తా కూడా అనుకోలేదు.

"రక్తం కాదు. పసరు. పిల్లకేం కాలేదు."

ఆమె వెళ్ళి ఇంజను ఆపి తాళాలు తీసుకుంది.

"సాయంత్రం ఫెర్న్ రాగానే చెప్పేస్తాను," అంది.

"నా కళ్ళ సంగతేగా."

"నీ సంగతొక్కటే కాదు. అన్నీ తెలిసి నేను నోరు మూసుక్కూర్చున్నానని కూడా చెప్తాను. ఆ తర్వాత పిల్లని మన దగ్గర వదుల్తుందో లేదో దాని ఇష్టం."

వర్లిన్ పిల్లని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.