సగం కిరాయి

కామారెడ్డి స్టేషను వెనక కొత్తవాడలో మా అంత సస్తాగా కిరాయికుండేవాళ్లు లేరు. నవాబుగారే వచ్చి అడిగినా ఆ ధరకు ఇల్లు దొరకదు. అర్ర ఎంత విశాలమంటే నేనూ మా ఆయనా ఒకేసారి ఊపిరి పీల్చుకోవచ్చు. ఎల్లారెడ్డిలో పుట్టింటికి పోయినప్పుడల్లా నన్ను కన్న అవ్వకు ఇవే చెప్పేదాన్ని. కామారెడ్డిలో నాకు చీపురు పట్టే పని కూడా లేదని, కూర్చుని కూర్చుని కాళ్లు మొద్దుబారితే ఇంటామే వచ్చి లేపుతుందని.

ఇంటామె విమలమ్మ లేపే మాట నిజమే. కోడికంటే ముందే లేపుతుంది. ఆమె వాకిట్లో సాన్పు చల్లాలి, ఆమె బర్రెల పేడ తీయాలి, ఆమె ఇంటిల్లిపాదికీ వడ్లు దంచాలి. ఆ వాడలో అదే పద్ధతి: కిరాయి సగం పైసల్లో, సగం కిరాయిదారు పెళ్లాం రెక్కల్లో. మా ఆయన పురుషోత్తం ధాన్యం కొని అమ్మే అడ్తి దుకాణంలో గుమాస్తా. ఆ జీతంలోంచి నిండు కిరాయి కడితే పొయ్యి మీదికి కుండ ఎక్కదు. బేరం కుదిరిన రోజు మీసం దువ్వుకుంటూ వచ్చాడు. "సగానికి దించిన! బేరమంటే నాతోనే గావాలె." మిగతా సగం సంగతి అడిగితే, "ఇంట్ల ఊకెనే ఉంటవ్ గద, రెండు పోట్లేస్తే అరుగుతవా?" అన్నాడు. అరగలేదు, ఆయన మాట నిలబెట్టాను. కానీ ముందు నన్నొక్క మాట అడగలేదే అన్నది రోకలి ఎత్తినప్పుడల్లా కలుక్కుమంటుంది. అది అవ్వకు చెప్పలేక నవ్వు మాటలు చెప్పాను. ఆమె నవ్వినంతసేపూ నేనూ నమ్మేదాన్ని.

మొన్న అవ్వ చెప్పాపెట్టకుండా బస్సు దిగి వచ్చింది. నేను రోటి దగ్గరున్నాను.

"ఏందే, దొరసానివి, వడ్లు దంచుతున్నవ్?"

"ఇంటామెకు దంచుడు రాదవ్వా, నేర్పుతున్న."

"ఆమె ఏదే?"

"లోపల పండుకున్నది. నా పాఠం జర గట్టిది."

అవ్వ నవ్వి, వచ్చిన పని చెప్పింది. మా చెల్లె చిన్నవ్వకు పోయిన నెలలోనే లగ్గమైంది. పిల్లవాడికి ఇక్కడే మిల్లులో పని.

"మీ పక్క అర్ర ఖాళీ అంట గద. ఇంటామెకు మాటిద్దామని వచ్చిన. నువ్వు గట్ల సుఖంగ ఉన్ననని చెప్తేనే గదనే, పొలమున్న సంబంధం ఇడిచి దాన్ని గీ పిలగానికి ఇచ్చినం."

నేను రోట్లో ఇంకో దోసెడు వడ్లు పోశాను. అవ్వ కొంగు నడుముకు చుట్టి ఇంకో రోకలి అందుకుంది. ఇద్దరం జోడుగా దంచాం. ఆమెది లేస్తే నాది పడింది, నాది లేస్తే ఆమెది. ఉన్నట్టుండి ఆపేసింది.

"ఇంటికాడ నాలుగు పోట్లకోపారి నీ రోకలి నా రోకలికి తాకిస్తుంటివి. తిట్టి తిట్టి నా నోరు నొస్తుండె. గిప్పుడు ఒక్కటన్న తప్పుతలేవ్. ఎన్ని బస్తాలు దంచితే వచ్చిందే గీ చెయ్యి?"

ఒక నవ్వు మాట కోసం వెతికాను.  ఇంతలో మా మాటలు చెవిన పడ్డాయేమో, విమలమ్మ లోపలి నుంచే కేకేసింది.

"అర్ర నీ చిన్నబిడ్డకానమ్మా? దానిక్కూడ సగానికే ఇస్త తీయ్!"

అవ్వ నా ముఖంలోకే చూస్తోంది.

"సగానికి తీస్కోకవ్వా," అన్నాను. "నేను చెప్పినయన్ని అబద్ధాలు. మిగిలిన సగం నేనే కడుతున్న, గీ రెక్కలతోని. నువ్వు నవ్వుతుంటే చెప్పబుద్ధి కాలే. నేనప్పుడే చెప్పుంటే చిన్నవ్వ పొలమున్నోళ్ల ఇంట్ల ఉంటుండె."