బావ నడుం చుట్టుకొలత

ఆ ఆరోగ్యకేంద్రం చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆమెని అందరూ టేపమ్మ అనే పిలుస్తారు. నర్సుగా చేరి పదిహేడేళ్ళయింది. మొదట్లో సిస్టరమ్మ అనేవాళ్ళు. డాక్టరమ్మ చుట్టుకొలతల పని మొదలుపెట్టాక, మెడలో టేపు వేలాడేసుకుని ఇంటింటికీ తిరుగుతుంటే చూసి ఎవరో ఈ పేరు తగిలించారు. అది కాస్తా అతుక్కుపోయింది.

ఆ పని మొదలవడానికి కారణం పరీక్ష గది గోడమీది పట్టిక. మగవాళ్ళ నడుం నూటరెండు సెంటీమీటర్లు దాటితే ప్రమాదం, ఆడవాళ్ళది ఎనభై ఎనిమిది దాటితే ప్రమాదం అని దానిమీద ఎర్ర అక్షరాలు. గోడమీది గడియారాన్ని నమ్మినట్టే దాన్నీ అందరూ నమ్మారు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మాత్రం రెండో నెలలోనే తొమ్మిది ఫైళ్ళు తెచ్చి బల్లమీద పడేసింది.

"వీళ్ళందరికీ షుగర్. ఇద్దరికి గుండె దాకా వచ్చింది. ఒక్కరి నడుమైనా ఆ పట్టిక దాటిందేమో చూడు సిస్టర్."

టేపమ్మ చూసింది. ఒక్కటీ దాటలేదు. అందరి ఫైళ్ళమీదా 'నడుం మామూలే' అని ఉంది. అందులో నాలుగు తను స్వయంగా రాసినవే.

"ఆ అంకెలు మనకంటే పొడుగ్గా, దిట్టంగా ఉండే జనాన్ని కొలిచి వేసుకున్నవి. వాళ్ళకి సరిపోతాయి. మనవాళ్ళకి కాళ్ళూ చేతులూ సన్నం. పేరుకునేదంతా పొట్ట లోపల, కాలేయం చుట్టూ. చూడ్డానికి సన్నగానే ఉంటారు, లోపల జరగాల్సింది జరిగిపోతూ ఉంటుంది. మన ఒంటికి గీత ఇంకా కిందనే ఉండాలని చాలాచోట్ల తేల్చారు. మన వీధుల్లో అది ఎక్కడ పడుతుందో మనమే కొలిచి చూద్దాం," అంది డాక్టరమ్మ.

అలా పదకొండు వందల మందిని కొలవాలని లెక్క వేసుకున్నారు. పొద్దున్నే పరగడుపున రావాలి. ఎత్తూ బరువూ చూసి, నడుం కొలిచి, కాస్త రక్తం తీసుకుంటారు. కొలతకో పద్ధతుంది. ఆఖరి పక్కటెముక ఎక్కడో, తుంటి ఎముక పైఅంచు ఎక్కడో వేలితో తడిమి చూసుకుని, రెండిటికీ నడిమధ్య పెన్నుతో చుక్క పెట్టాలి. టేపు చుట్టూ సమంగా ఉండాలి, ఒంట్లోకి దిగకూడదు, జారకూడదు. మనిషి మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత అంకె చూడాలి. టేపమ్మకి నెల తిరిగేసరికి ఆ పని చేతికి అలవాటైపోయింది.

అలవాటు కానిదల్లా జనమే. నడుం అనగానే ఆడవాళ్ళకి నవ్వు. "జాకెట్టు కుడతావా, పరికిణీ కుడతావా?" అని ఒకావిడ. మగవాళ్ళు ఇంకా ఘోరం. టేపు కనపడగానే ఛాతీ ముందుకీ, పొట్ట వెనక్కీ. మంగలాయన ఊపిరి బిగబట్టి బిగబట్టి మొహం జేగురు రంగుకి తెచ్చుకున్నాడు. "వదలండి బాబాయ్, పోతారు!" అని ఆమె కేకేస్తే వరుసలో ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు.

ఆ వరుసలోనే ఒకరోజు బావ వచ్చాడు.

బావంటే అక్క మొగుడే కాదు. అమ్మానాన్నా ఏడాది తేడాతో పోయినప్పుడు టేపమ్మకి తొమ్మిదేళ్ళు, అక్కకి పెళ్ళయి ఆరు నెలలు. "ఈ పిల్ల మనింట్లోనే ఉంటుంది" అని ముందుగా అన్నది అక్క కాదు, బావ. సిటీ బస్సు డ్రైవరు. నర్సింగు చదివిన మూడేళ్ళూ ఆమె అతని బస్సులోనే వెళ్ళింది. డ్రైవరు వెనకున్న మొదటి సీటులో ఎవరైనా కూర్చుంటే, "అమ్మా, అది మా డాక్టరుగారి సీటు, కాస్త లేవండి" అనేవాడు. నర్సు అని ఎన్నిసార్లు దిద్దినా వినలేదు. ఇప్పటికీ ఆమె వాళ్ళింటి మేడమీద గదిలోనే ఉంటుంది.

అప్పట్లో బావ వెదురుబొంగులా ఉండేవాడు. ఇప్పటికీ చేతులూ కాళ్ళూ అలాగే ఉన్నాయి. మధ్యలో మాత్రం ముప్ఫై ఏళ్ళు స్టీరింగు వెనక కూర్చున్న ఆనవాలు గుండ్రంగా తేలింది.

"కొలువు పిల్లా, కొలువు. మీ పట్టికకి నేను అందనులే," అని చొక్కా పైకెత్తాడు. ఎత్తుతూనే పొట్ట లోపలికి లాగేశాడు.

"బావా, ఊపిరి వదులు."

"వదిలానుగా."

"వదల్లేదు."

"ఇది నా మామూలు ఊపిరేనే! మా ఒంటి తీరే అంత!"

వెనక ఇద్దరు కండక్టర్లు కిసుక్కుమన్నారు. ఆమెకీ నవ్వాగలేదు. టేపు ఎనభై ఆరు దగ్గర ఉంది. అది నిజం కాదని ఆమె వేళ్ళకి తెలుస్తూనే ఉంది. టేపు కింద కండరం డోలు చర్మంలా బిగుసుకుని ఉంది. పోనీలే, పదకొండు వందల్లో ఒకటి, అనుకుంది. ఎనభై ఆరు అని రాసేసింది. వెనకున్న కండక్టర్లకీ అలాగే రాసింది. రక్తం తీస్తున్నప్పుడు బావ కళ్ళు మూసుకుని మొహం తిప్పేసుకున్నాడు.

మూడు వారాలకి రక్తం ఫలితాలు కట్టలుగా వచ్చాయి. డాక్టరమ్మ కంప్యూటర్లో మగవాళ్ళ లెక్కలన్నీ ఎక్కించి చుక్కల బొమ్మ గీసింది. అడ్డంగా నడుం, నిలువుగా షుగరు. చుక్కలన్నీ ఒక గుంపుగా కుడివైపుకి పైకెక్కుతున్నాయి. ఎడంపక్కన మాత్రం కొన్ని తప్పిపోయిన మేకపిల్లల్లా విడిగా నిలబడ్డాయి.

"ఇది చూడు," అని డాక్టరమ్మ ఒక చుక్కమీద వేలు పెట్టింది. "నడుం ఎనభై ఆరు. పరగడుపు షుగరు నూట డెబ్భై రెండు. రక్తంలో కొవ్వు కూడా చాలా ఎక్కువ. నాకు అర్థం కావట్లేదు. వరుస సంఖ్య నాలుగు వందల పన్నెండు. ఎవరీయన?"

టేపమ్మకి కాగితం చూడక్కర్లేకపోయింది. కుర్చీ అంచుమీద కూర్చుంది.

"మా బావ మేడమ్."

డాక్టరమ్మ మంచినీళ్ళ సీసా ఇటు జరిపింది.

"ఎనభై ఆరు కాదు మేడమ్. ఆయన పొట్ట లోపలికి లాగాడు. నాకు తెలిసే రాశాను. నవ్వేసి రాశాను. ఆయనొక్కడికే కాదు, మా వీధి మగవాళ్ళు చాలామందికి. అందరూ తెలిసినవాళ్ళే. గట్టిగా చెప్పలేక…"

"ఎంతమంది ఉంటారు?"

"నలభై దాకా."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒక్క చుక్క తప్పైతే గీత కదలదు. నలభై తప్పైతే కదులుతుంది. అప్పుడు ప్రమాదంలో ఉన్నవాళ్ళని నువ్వు బాగున్నావని మళ్ళీ ఇంటికి పంపిస్తాం, ఆ తొమ్మిది ఫైళ్ళలాగే. టేపుకి మొహమాటం ఉండకూడదు సిస్టర్." ఆ మాట కోపంగా అనలేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది.

"ఆ నలభై మందినీ మళ్ళీ నేనే కొలుస్తాను మేడమ్. నా సెలవుల్లో కొలుస్తాను."

"సెలవుల్లో ఎందుకు, పని వేళల్లోనే కొలువు. ముందు మీ బావని పట్టుకో. ఆయన సంగతి చుక్కల కోసం ఆగేది కాదు."

ఇంట్లో అక్క ముందు చెప్పడానికి ఆమెకి నోరు రాదు. అందుకని మధ్యాహ్నం బస్సు డిపోకే వెళ్ళింది. డ్రైవర్ల విశ్రాంతి గదిలో నాలుగు బల్లలు, గోడకి డ్యూటీ కాగితాలు, కిటికీలోంచి డీజిలు వాసన. బావ ఒక బల్లమీద కాళ్ళు చాపుకుని పేపరు చదువుతున్నాడు. ఆమెని చూడగానే గబుక్కున లేచాడు.

"మీ అక్కకేమైనా అయిందా?"

"అక్కకేం కాలేదు. నీకే." ఎలా చెప్పాలో దారంతా ఆలోచించుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నీకు షుగరుంది బావా. కొత్తగా వచ్చింది కాదు, చాలా రోజులనించి ఉన్నట్టుంది."

బావ నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానేశాడు. "నాకా? నేను సన్నగానే ఉన్నానే. మీ పట్టిక నూటరెండు కదా?"

"ఆ పట్టిక మనది కాదు. నిలబడు, ఒకసారి సరిగ్గా కొలుస్తాను."

అతను చొక్కా పైకెత్తాడు. అలవాటుకొద్దీ పొట్ట లోపలికి పోయింది. ఆమె టేపు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇవాళ నీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో చెప్పు."

"ఇప్పుడా?"

"ఒక్క ఊపిరిలో చెప్పు."

"డిపో, మార్కెట్టు, గడియారం స్తంభం, పాత ఆసుపత్రి, ఆడపిల్లల కాలేజీ, నీళ్ళ టాంకు, రైలు గేటు, పిండిమిల్లు…" మిల్లు దగ్గరికొచ్చేసరికి ఊపిరి అయిపోయింది. దాంతోపాటు పొట్ట మెత్తగా తన చోటికి తను వచ్చేసింది. ఆమె అంకె చూసింది. తొంభై నాలుగు. ఇంకోసారి కొలిచింది. తొంభై నాలుగే.

ఆమె టేపు చుట్టుకుంటూ, "ఆరోజు ఎందుకు లాగావు బావా?" అంది.

బావ చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. "మా ఇంటికొచ్చిన కొత్తలో నువ్వు వీధి పిల్లలందరికీ చెప్పేదానివి, మా బావ ఇంత పొడుగు, ఇంత సన్నం, బస్సుని ఒంటిచేత్తో తిప్పేస్తాడని. నీ దగ్గర మాత్రం అలాగే ఉందామని. అంతేనే. కండక్టర్ల కోసం కాదు."

ఆమెకి పదకొండు వందల్లో ఒకటి అనుకుని తను వదిలేసింది ఎవరినో ఇప్పుడు తలుచుకుంటే భయమేసింది. "నువ్వు సన్నగా ఉండక్కర్లేదు, ఉంటే చాలు," అని కసిరినట్టుగా అంది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని బెంచీమీద పక్కన కూర్చుంది. బయట ఎవరో హారన్ కొడితే, "నా బండే, నేను వెళ్ళాలి," అని లేచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "అక్కకి ఎవరు చెప్తారు?" అన్నాడు భయంభయంగా.

"ఇద్దరం కలిసి చెప్దాం."

చెప్పారు. అక్క ముందు ఏడ్చింది, తర్వాత ఇద్దరినీ కలిపి తిట్టింది. "ఒకళ్ళు దాచడం, ఒకళ్ళు రాయడం! మిమ్మల్ని నమ్ముకుని నేను ఇల్లు నడుపుతున్నాను!" ఆ మర్నాడు బావ భుజం పట్టుకుని తనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, రోజూ నలభై నిమిషాల నడక. కంచంలో అన్నం సగానికి తగ్గి, ఆ సగం చోటులోకి కూర వచ్చింది.

మిగతా నలభై మందినీ టేపమ్మ రెండు వారాల్లో మళ్ళీ కొలిచింది. ఇస్త్రీ బల్లల దగ్గర, దుకాణాల వెనకగదుల్లో, బడి సిబ్బంది గదిలో. "అప్పుడు నేను తప్పు రాశాను, ఇప్పుడు సరిదిద్దుకోనివ్వండి," అని ప్రతి ఒక్కరికీ చెప్పింది. ఆ మాట మొదటి ముగ్గురికి చెప్పేసరికి చెమటలు పట్టాయి, తర్వాత్తర్వాత తేలికైంది. కొందరు నొచ్చుకున్నారు, ఒకాయన మొదటి రెండుసార్లూ తలుపు తియ్యనే లేదు. మంగలాయన మాత్రం కుర్చీలో కూర్చున్న మనిషి గడ్డాన్ని సగంలో వదిలేసి వచ్చి, "ఈసారి లాగనమ్మా," అని బుద్ధిగా నిలబడ్డాడు. ఆయనది తొంభై ఆరు.

సరిదిద్దిన అంకెలు ఎక్కించాక విడిగా నిలబడిన చుక్కలు చాలావరకూ గుంపులోకి వచ్చి చేరాయి. మగవాళ్ళకి తొంభై, ఆడవాళ్ళకి ఎనభై దగ్గర గీత పడింది. డాక్టరమ్మ దాన్ని పైఆఫీసుకి రాసి పంపింది. అక్కణ్ణించి జవాబు రావడానికి ఐదు నెలలు పట్టింది, అదీ రెండు ముక్కల్లో. ఈలోపే ఆవిడ గోడమీది పాత పట్టిక తీయించి, తెల్లకాగితం మీద తన చేత్తోనే కొత్త అంకెలు రాసి అంటించింది. ఆ కాగితం పెట్టిన మొదటి మూడు నెలల్లో, పాత లెక్క ప్రకారం బాగానే ఉన్నవాళ్ళు అరవై మందికి పైగా రక్తపరీక్షకి వెళ్ళారు. పందొమ్మిది మందికి షుగరు బయటపడింది, చాలామందికి మొదట్లోనే.

బావ షుగరు మెల్లగా దారికొచ్చింది. మనిషి మాత్రం దారిలో పెట్టేవాడిగా తయారయ్యాడు. డిపోలో ఏ డ్రైవరు కనపడినా, "తొంభై దాటావా? నిజం చెప్పు," అని వెంటపడుతున్నాడు.

ఒక ఆదివారం సాయంత్రం అక్క వరండాలో కూర్చుని వక్కపలుకు నములుతూ, "ఇంతమందిని కొలిచావు కదే, నీది ఎంత?" అంది.

టేపమ్మ తెల్లబోయింది. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు, తనకీ తట్టలేదు. పదకొండు వందల మందిలో తన కాగితం లేదు.

అక్కే టేపు తీసుకుంది. ఎముకలు ఎక్కడున్నాయో చెల్లెలు చెబుతుంటే తడుముకుంటూ చుట్టింది, కళ్ళు చికిలించి చదివింది. "ఎనభై నాలుగు."

బావ ఏదో చమత్కారం ఆడతాడని ఇద్దరూ అతనివైపు చూశారు. అతను లోపలికెళ్ళి మరదలి చెప్పుల జత తెచ్చి తన చెప్పుల పక్కన పెట్టాడు.

"రేపు ఆరింటికి. పరగడుపున ముందు రక్తం ఇచ్చేసి వద్దాం, తర్వాత నడుద్దాం."

"బావా, నాకు డ్యూటీ ఉంది."

"ఎనిమిదింటికి కదా. ఆరింటికి," అన్నాడు.

మర్నాడు ఆరింటికి ముగ్గురూ బయల్దేరారు. అక్క ముందు నడుస్తోంది, చెయ్యి ఊపుకుంటూ, అందరికంటే జోరుగా. బావ ఆమెతో సమానంగా నడవాలని ఆపసోపాలు పడుతూ, మధ్యమధ్యలో వెనక్కి తిరిగి, "వస్తున్నావా?" అని అడుగుతున్నాడు. టేపమ్మ చెంగు నడుముకి దోపుకుని, "వస్తున్నా," అని అడుగు పెంచింది.