తొలి గాటు

గుమ్మడికాయ పొద్దుటి నుంచీ కత్తి పక్కనే కూర్చుంది. కోయడానికి ఇంట్లో మగాడు లేడు. పత్తి తీసే కూలీలు చేలో దిగి చాలాసేపైంది. మధ్యాహ్నానికి వాళ్ళకి అన్నమూ పులుసూ వెళ్ళాలి, కూరకని ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కాయే. మల్లీశ్వరి చింతపండు నానబెట్టి, పోపు సామాను తీసిపెట్టి, ఇక చేసేదేమీ లేక పొయ్యి ముందు నిలబడింది. ఆడది నిండు గుమ్మడికాయ కోయకూడదు, మగాడు ముందొక గాటు పెట్టాలి. ఆ తర్వాత చెక్కు తీసి, గింజలు తీసి, కాయంతా ముక్కలు కోసి అరచేతులు బొబ్బలెక్కించుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. ఆమె భర్త వీరబాబు పురుగుమందుల కొట్టు దగ్గర కబుర్లలో పడ్డాడు. ఫోన్ చేసినప్పుడల్లా బయల్దేరానంటున్నాడు.

"కంగారుపడి నువ్వు కత్తి ముట్టేవు," అంది వరండాలోంచి అత్తగారు వెంకటరావమ్మ. "ఒకసారి వెలగబెట్టింది చాలు."

పెళ్ళయిన రెండో ఏడు, మిరపకోతల రోజులు. అప్పుడూ ఇంట్లో మగాళ్ళు లేరు. మూడో నెల గర్భంతో ఉన్న మల్లీశ్వరి గుమ్మడికాయ తనే కోసింది. ఆ వారంలోనే కడుపు పోయింది. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అత్తగారు కాఫీతోపాటు ఆ కాయ సంగతీ అందించింది. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలియదా అన్నాడు వీరబాబు. తర్వాత మళ్ళీ నెల తప్పలేదు. ఊళ్ళో సీమంతాలకు పిలిస్తే మల్లీశ్వరి వెనక వరసలో కూర్చునేది, గాజులు తొడగమంటే ఏదో పని కల్పించుకుని లేచిపోయేది. అందరూ అన్నదానికంటే ఎక్కువగా తన చేతులను తనే నమ్మకుండా బతికింది.

నిన్న తోడికోడలు శ్రీదివ్య ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఆ పిల్లకిప్పుడు ఐదో నెల. ఏదో దేశంలో హాలోవీన్ పండగట. సందెవేళ ముసలమ్మలు కూడా జుట్టు విరబోసుకుని, దయ్యాల వేషాలేసుకుని, వీధి మధ్యలో పకపకా నవ్వుతున్నారు. పిల్లలు తలుపులు కొడుతుంటే మిఠాయిలు పెడుతున్నారు. ఇక్కడ తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటేనే దయ్యంలా ఆ అవతారమేమిటంటారు. అంతవరకూ మల్లీశ్వరి కూడా నవ్వింది. తర్వాత నెలలు నిండిన ఒకావిడ అరుగు మీద చతికిలబడి, పెద్ద గుమ్మడికాయను ఒళ్ళోకి లాక్కుని, కత్తితో దానికి కళ్ళూ నోరూ కోసింది. లోపల దీపం పెట్టి చప్పట్లు కొట్టింది. ఆమె మొగుడు వీడియో తీస్తున్నాడు. కింద ఇంకో వీడియో, మరుసటి ఏడాదిది. గుమ్మడిపండు రంగు గౌనులో బోసినవ్వుల పాప ఆమె చంకలో ఉంది.

మల్లీశ్వరికి ఒళ్ళు మండింది. పచ్చి కుళ్ళు. ఆ మనిషి అందం మీద కాదు, ఇంటి మీద కాదు, భయం లేని ఆ చేతి మీద. పాపను మళ్ళీ మళ్ళీ చూసింది. చూస్తుంటే ఇన్నేళ్ళూ గుర్తు రానిది గుర్తొచ్చింది. ఆ వారం వాన ముంచుకొస్తే, కళ్ళంలో ఆరబోసిన మిరపకాయ తడవకుండా గోనె టిక్కీలకెత్తి షెడ్డులోకి మోసింది ఎవరు? డాక్టరమ్మ మంచం దిగొద్దన్నాక మోయమన్నది ఎవరు? కడుపు ఎందుకు పోయిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. కాయ కోసినందుకు మాత్రం కాదు.

బయట మబ్బు పట్టింది. వరండా నిండా పత్తి కుక్కిన బోరేలు, ఒక్కొక్కటీ పెద్ద మూట.

"శ్రీదివ్యా, వంటింటి వైపు చూడమాక, కాయ కోసేటప్పుడు నీ కంట పడకూడదు," అంది వెంకటరావమ్మ. "చినుకు పడేలోపు ఆ బోరేలు లోపలికి చేర్చు. మీ అక్క వంటలో ఉందిగా."

శ్రీదివ్య కొంగు బిగించి వంగింది. మల్లీశ్వరి కత్తి అందుకుంది. అప్పుడే బండి ఆగి వీరబాబు లోపలికొచ్చాడు. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, ఏదీ ఆ కత్తి అంటూ చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు.

"శ్రీదివ్యా, అది వదిలేసి వచ్చి కూర్చో," అంది. అత్తగారి వైపు తిరిగింది. "ఆ రోజు నేను కాయ ఒక్కటే కొయ్యలేదు అత్తయ్యా. మీరు మొయ్యమన్న టిక్కీలన్నీ మోశాను. అది మీరెవరికీ చెప్పలేదు."

వీరబాబు చాచిన చెయ్యి అలాగే ఉంది.

మల్లీశ్వరి కత్తిని కాయ నడినెత్తిన ఆనించింది.

"గాటు నేను పెడతాను," అంది భర్తతో. "మీరెళ్ళి బోరేలు మొయ్యండి."