టెస్టరు డబ్బా

మాస్కు తీసి కొట్లో అద్దంలో చూసుకోగానే ఛీ అనుకుంది. వేరెవరి మొహమైనా అయితే జాలిపడేదే. తనది కాబట్టి రోత పుట్టింది. రెండు బుగ్గల నిండా ఎర్రటి పొక్కులు, ముక్కు పక్కన పొట్టు రేగిన చర్మం, గడ్డం కింద గోకి గోకి పచ్చిగా అయిన చోటు. ఇవాళ కొత్తగా కనురెప్పలు కూడా వాచాయి. అద్దం చుట్టూ తెల్లటి బల్బులు వరసగా పెట్టి ఉన్నాయి, కొనడానికి వచ్చినవాళ్లకి వాళ్ల మొహంలో లోపాలు బాగా కనపడాలని. లోపాలు కనపడితేనే కదా క్రీములు అమ్ముడయ్యేది.

ఆ కొట్లో ఆమె పని క్రీములు అమ్మడం. అమ్మే మనిషి కొట్లో సరుకే రాసుకు తీరాలని అక్కడి నియమం. మొహమే మన బోర్డు అంటుంది ఓనరమ్మ. పొద్దున్నే మేకప్ కింద ప్రైమరు ఒక పూత, దాని మీద ఇంకో పూత, ఆ పైన మరోటి. అన్నీ వేలి కింద నున్నగా జారేవే. మధ్యాహ్నానికల్లా ఆమెకి దురదెక్కి మొహం గోడకేసి రుద్దుకోవాలనిపించేది. చిన్నప్పటి నుంచీ ఆమెది ఏదీ ఓర్చుకోని చర్మం. కొత్త దుప్పటి కప్పుకున్నా దద్దుర్లే.

చర్మం డాక్టరు హడావుడేమీ చేయలేదు. క్రీములు నున్నగా జారడానికి కలిపే సిలికోన్లు చెడ్డవని తాను అనడం లేదనీ, చాలామందికి వాటితో ఏ ఇబ్బందీ ఉండదనీ, ఈమెకి పడుతున్నాయో లేదో తేలాలంటే రెండు వారాలు అన్నీ మానేసి, సిలికోనూ సువాసనా లేని ఒకే ఒక్క క్రీము రాసుకోవాలనీ చెప్పింది. ఆ తర్వాత ఒక్కోటీ మళ్లీ మొదలుపెట్టి చూడమంది. డబ్బా వెనక ఉండే పేర్లలో చివర ‘కోన్’ అనో ‘సిలోక్సేన్’ అనో వచ్చేవాటిని వెతుక్కోమని కాగితం మీద రాసిచ్చింది.

ఇక ఆ రోజు నుంచీ భోజనాల వేళ ఒక చేత్తో తిండి, ఇంకో చేత్తో భూతద్దం. కౌంటర్లో వాళ్లు ఆమెకి లెన్సు అని పేరు పెట్టేశారు. అరవై నాలుగు రకాలు తిరగేసింది లెన్సు. ముందు వైపు పువ్వుల మధ్య ‘సున్నితమైన చర్మానికి’ అని ఉంటుంది, వెనక్కి తిప్పితే మూడో పేరే కోన్. ఇన్నాళ్లూ ఆ పువ్వులు చూపించే తానూ అందరికీ అంటగట్టింది కదా అని సిగ్గేసింది. చివరికి అట్టడుగు అరలో దుమ్ము పట్టిపోయిన బూడిదరంగు మూత డబ్బా ఒకటి దొరికింది. వెనక పేర్లు తొమ్మిదే. కోనూ లేదు, వాసనా లేదు. అయితే అది జారదు. రాసుకుంటే పది నిమిషాలు మొహం జిగురు జిగురుగా ఉంటుంది. అందుకే దాని వంక ఎవరూ చూడరు.

ఓనరమ్మ రెండు వారాలు గడువిచ్చింది. అన్నాళ్లూ మాస్కు పెట్టుకుని కౌంటర్లో నిలబడొచ్చు. ఆలోగా మొహం బాగుపడితే సరే, లేకపోతే వెనక గదిలో పార్సిళ్లు కట్టే పని. ఈ మొహం చూసి క్రీము కొనేవాళ్లెవరని మొహం మీదే అనేసింది. వెనక గదికి కిటికీ కూడా లేదు. కౌంటర్లో అయితే, ఆ అమ్మాయి ఉందా, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది అని లెన్సుని వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. ఆమె మాటకి ఒక విలువంటూ దొరికింది బతుకులో ఆ ఒక్క చోటే. అది పోతే తట్టుకోవడం తన వల్ల కాదనుకుంది.

ఇంత తెలిసిన మనిషి, ఇక్కడే ఒక వెధవ పని చేసింది. కొత్త డబ్బా కొనుక్కోకుండా టెస్టరు వాడింది. టెస్టరంటే వచ్చినవాళ్లు రాసి చూసుకోవడానికి కౌంటరు మీద విప్పి పెట్టే డబ్బా. బయటివాళ్లెవరూ దాన్ని ఇంటికి పట్టుకెళ్లి మొహానికి పులుముకోరు. కొట్లో పనిచేసేవాళ్ల బుద్ధి వేరు. టెస్టరు ఎదురుగా ఉండగా డబ్బా కొనడం వాళ్ల దృష్టిలో తెలివితక్కువతనం. బూడిద మూత దాన్ని ఎలాగూ ఎవరూ ముట్టుకోరు, శుభ్రంగానే ఉంటుందిలే అని ఆమె ధీమా. రోజూ కొట్టు కట్టేసే ముందు చెక్క పుల్లతో ఇంత తీసి, బుల్లి డబ్బీలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేది.

నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గింది. ఐదో రోజు నుంచి మళ్లీ మొదటికొచ్చింది. లెన్సు వెళ్లి వాళ్లమ్మ మీద పడింది. సబ్బు వల్లే అంది, దిండు గలీబుల వల్లే అంది, అమ్మ తల నూనె గాలి సోకినా తనకి పడటం లేదంది. పాపం ఆవిడ గలీబులు మూడుసార్లు ఉతికింది, సబ్బు మార్చింది, నూనె మానేసింది. చివరికి ఒళ్లు మండి, ఊపిరి పీల్చడం ఒక్కటే మిగిలిందనీ, అదీ మానేయమంటే చెప్పమనీ అంది.

ఈలోగా ఆ క్రీము హాయిగా జారడం మొదలుపెట్టింది. జిగురు లేదు. కాస్త సువాసన తగిలినా, బట్టలకి అంటిన కొట్టు వాసనేలే అనుకుంది. వాడగా వాడగా చర్మానికి అలవాటైందని మురిసిపోయింది వెర్రిమొహం. కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్లు కూడా ఇప్పుడు ఆ డబ్బాలో వేలు పెట్టి బాగుందంటున్నారు. ఒక టీచరమ్మ, పాపం ఆవిడదీ ఇదే బాధ, చేతి మీద రాసి చూసుకుని, లెన్సు మాట నమ్మి ఒక డబ్బా కొనుక్కెళ్లింది కూడా.

ఇది పదకొండో రోజు. బస్సులో నలుగురూ తన రెప్పల వంక చూస్తారని గంట ముందే కొట్టుకొచ్చేసింది. అద్దం ముందు నుంచి కదిలి మాస్కు పెట్టుకుంటుంటే వెనక సింకు దగ్గర చెంచా గీకిన చప్పుడు వినిపించింది.

పెద్దక్క. కౌంటర్లో అందరికంటే పాత మనిషి, లెన్సుకి పని నేర్పిన మనిషి. సింకు పక్కన పన్నెండు టెస్టరు డబ్బాలు మూతలు తీసి పెట్టి, అడుగున మిగిలింది చెంచాతో గీకుతోంది. గీకిందంతా బూడిద మూత డబ్బాలో వేసి, చెంచా వెనక వైపుతో నున్నగా చదును చేస్తోంది. డబ్బాల అంచుల వెంట పచ్చగా గట్టిపడిన తెట్టు. ఒకదాంట్లో లిప్‌స్టిక్ చార. ఒకదాంట్లో ఎవరివో రెండు రెప్ప వెంట్రుకలు. ఇంకోదాంట్లో ఊడిపడిన గోళ్లరంగు పెచ్చు. పెద్దక్క ఆ పెచ్చుని మాత్రం వేలితో తీసి పారేసి, మిగతాదంతా కలిపేసింది.

నిన్న పడుకునే ముందు రెప్పల మీద మెత్తగా అద్దుకున్నది ఇదే. ముక్కు చీదిన చేతులు, చెమట చేతులు, తిని కడుక్కోని చేతులు, ఊళ్లోవాళ్లందరి చేతులూ. లెన్సు మాస్కు లాగేసి సింకులో భళ్లున కక్కేసింది. పెద్దక్క కంగారుగా వీపు రాయబోతే, ఆ చేతిని చూసి వెనక్కి జరిగింది.

"ఏంటక్కా ఇది?"

"ఏముందే, తెల్లవన్నీ తెల్లవాటిలో కలుపుతా. టెస్టరు తరిగి కనపడితే ఓనరమ్మ ఊరుకోదు, కొత్తది విప్పనివ్వదు. పన్నెండేళ్లుగా ఇంతే."

"దీంట్లో ఎందుకు? దీన్నెవరూ ముట్టుకోరుగా."

పెద్దక్క గొంతు తగ్గించింది. "ముట్టుకోకుండానే రోజూ తరిగిపోతోందిగా. నువ్వు పట్టుకెళ్తున్నావని నాకు తెలీదా? ఆవిడ కంట పడితే నిన్ను పంపించేస్తుందని నేనే నింపుతూ వచ్చా."

లెన్సు నోరు కడుక్కునేలోగా పెద్దక్క బూడిద మూత డబ్బాని మళ్లీ కౌంటరు మీద పెట్టేసింది. ఎవరిని తిట్టాలి?

మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది, చిరాగ్గా. ఇక్కడ రాసి చూస్తే అంత బాగా జారిందనీ, ఇంటికెళ్లి విప్పిందేమో జిగురు కారుతోందనీ, తనకి నకిలీది అంటగట్టారనీ గొడవకి దిగింది. కౌంటరు మీదున్న దాన్నే ఇవ్వమంది. ఓనరమ్మ పరుగున వచ్చి, మా టెస్టర్లంత శుభ్రమైనవి ఎక్కడా ఉండవని, బూడిద మూత డబ్బాలోంచి వేలెడు తీసి నిండుగా తన బుగ్గకే రాసుకుని చూపించింది. ఆ తెల్లటి పూతలో ఒక రెప్ప వెంట్రుక అంటుకుని నిలిచింది. ఓనరమ్మకి అది కనపడదు కదా, నవ్వుతూనే ఉంది. టీచరమ్మ కూడా ధైర్యం చేసి ఇంత తీసుకుని తన బుగ్గ దాకా తీసుకెళ్లింది.

గడువు ఇంకా మూడు రోజులుంది. నోరు మూసుకుంటే కౌంటరు దక్కుతుందేమో. లెన్సు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా. మీ దగ్గరున్నదే అసలుది, జిగురుగానే ఉంటుంది. ఇది అందరూ వేళ్లు పెట్టిన డబ్బాలన్నీ గీకి కలిపింది." మాస్కు తీసేసింది. "నేను రోజూ రాసుకున్నా. చూడండి."

టీచరమ్మ ఆ మొహం చూసింది, తర్వాత ఓనరమ్మ బుగ్గ మీది వెంట్రుక చూసింది. వేలు తుడుచుకుని, తన డబ్బా సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. ఎవరు కలిపారని ఓనరమ్మ అడిగింది. అవతల కౌంటర్లో పెద్దక్క ఒకే మూతని పెడుతూ తీస్తూ నిలబడింది.

"నేనే," అంది లెన్సు. "రోజూ పట్టుకెళ్లిందీ నేనే, నింపిందీ నేనే."

అప్పుడు ఓనరమ్మ బుగ్గ తడుముకుంది. వేలికి అంటిన వెంట్రుకని చూసి సింకు దగ్గరికి పరుగెత్తింది. ఇన్నాళ్లూ జనం మొహాల మీదున్న రోత తన మొహం మీదికొచ్చేసరికి గానీ ఆవిడకి తెలిసిరాలేదు. ఆ పూటే టెస్టర్లన్నీ పారేయించి కొత్తవి విప్పించింది. ఆ పూటే లెన్సుని వెనక గదికి తోసేసింది.

లెన్సు ఈసారి బూడిద మూత డబ్బా కొనుక్కుంది. సీలు తానే చింపింది. మూడు వారాల్లో మొహం తేటపడింది, అట్టపెట్టెలు తప్ప చూసేవాళ్లెవరూ లేని గదిలో.

ఒక మధ్యాహ్నం పెద్దక్క వచ్చి గుమ్మంలో నిలబడి, ఆ బుగ్గల వంక చాలాసేపు చూసింది. దగ్గరికొచ్చి చెయ్యి చాచింది, మధ్యలోనే ఆపేసింది. సింకు దగ్గరికెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని, తిరిగొచ్చి అప్పుడు ముట్టుకుంది.

"జిగురుగా ఉందే," అంది.

"ఉండనీ అక్కా," అంది లెన్సు.